ఎస్.ఆర్.వై. జన్యువు: లింగనిర్ణయంలో దాని పాత్ర, పరిమితులు

వ్యాససంగ్రహం

మానవుని వై క్రోమోజోముపై ఉన్న ఎస్.ఆర్.వై. జన్యువు పిండదశలో వృషణాల ఏర్పాటును ఆరంభిస్తుంది. 1990లో వెలుగుచూసిన ఈ జన్యువును ‘మగతనపు జన్యువు’గా వ్యవహరించడం పరిపాటి అయింది. ఆ జన్యువు కోసం జరిగిన అన్వేషణను, అది రూపొందించే ప్రోటీను పనితీరును, ఆ పని దారితప్పినప్పుడు కలిగే స్థితులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఎస్.ఆర్.వై. ఒక సుదీర్ఘ ప్రక్రియకు తొలి సంకేతం మాత్రమేననీ, దాని ఉనికిని బట్టి ఒక వ్యక్తిని స్త్రీ అనో పురుషుడనో తీర్మానించడం శాస్త్రసమ్మతం కాదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వై క్రోమోజోము, ఎస్.ఆర్.వై., సాక్స్9, లింగనిర్ణయం, లింగనిర్ధారణ, బృహన్నల, నేలకొండపల్లి.

1. ఉపోద్ఘాతం

ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి భక్త రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న జన్మస్థలం. పురావస్తు శాఖ తవ్వకాలలో బౌద్ధస్తూపం బయల్పడిన ఊరు కూడా ఇదే. అయితే స్థానికుల నోట వినిపించే కథ ఈ రెండింటి కన్నా పాతది. పాండవులు అజ్ఞాతవాసం గడిపిన విరాటనగరం తమ ఊరేనని వారి విశ్వాసం. అక్కడి విరాటరాజు గద్దె, కీచకగుండం అనే పేర్లు ఆ విశ్వాసానికి గుర్తులు. ఇది చరిత్రగా నిలిచే విషయం కాకపోయినా, ఒక జనసముదాయం భారతకథను తన నేలపై ఎలా నిలుపుకొన్నదో తెలుపుతుంది.

ఆ కథలో ఈ వ్యాసానికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది. అర్జునుడు బృహన్నల రూపంలో విరాటుని కొలువుకు వచ్చి, రాజకుమారి ఉత్తరకు నాట్యం నేర్పుతానంటాడు. సంస్కృత మూలంలో విరాటుడు ఆ మాటను వెంటనే నమ్మడు. మంత్రులతో ఆలోచించి, స్త్రీలచేత పరీక్ష చేయించి, బృహన్నల పురుషుడు కాదని రూఢి చేసుకొన్న తరువాతే కన్యాంతఃపురంలోకి పంపుతాడు. ఒక ద్వారం దాటి లోపలికి వెళ్లడానికి ఒక మనిషి శరీరాన్ని పరీక్షించడం మన సాహిత్యంలో అంత ప్రాచీనమైనది. నేడు అదే ప్రశ్నకు రక్తపు చుక్కలోనో, చెంప లోపలి కణాలలోనో జవాబు వెతుకుతున్నారు. వెతికేది ఎస్.ఆర్.వై. జన్యువును. ఆ జన్యువు ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు అన్నదే ఇక్కడి విచారణ.

ముందుగా పరిభాష గురించి ఒక మాట. పిండం వృషణాల దారిలోనో, అండాశయాల దారిలోనో ఎదగడాన్ని ఈ వ్యాసంలో ‘లింగనిర్ణయం’ అంటున్నాను. అది ప్రకృతి చేసే పని. ఒక వ్యక్తి లేదా పిండం లింగం ఏదో పరీక్ష ద్వారా తేల్చడాన్ని ‘లింగనిర్ధారణ’ అంటున్నాను. అది మనుషులు చేసే పని. ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్ల కలిగిన అనర్థాలు చివరి భాగాలలో కనిపిస్తాయి.

2. జన్యువు కోసం అన్వేషణ

మానవ కణంలో సాధారణంగా 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ఇరవైమూడవ జతలో స్త్రీకి రెండు ఎక్స్‌లు, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై ఉండటం సామాన్య నియమం. లింగానికీ క్రోమోజోములకూ గల ఈ సంబంధాన్ని 1905లో నెట్టీ స్టీవెన్స్ పిండిపురుగులలో గుర్తించారు. మానవులలో మగ శరీరానికి కారణం వై ఉండటమా, రెండవ ఎక్స్ లేకపోవడమా అన్నది మాత్రం 1959 వరకు తేలలేదు. ఒకే ఎక్స్ ఉండి వై లేనివారు స్త్రీలుగానూ, రెండు ఎక్స్‌లతోపాటు ఒక వై ఉన్నవారు పురుషులుగానూ ఎదుగుతున్నారని ఆ ఏడాది వెలువడిన పరిశోధనలు చూపాయి. కారణం వైలోనే ఉందని స్పష్టమైంది.

అంతకుముందే, 1947లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండాలపై చేసిన ప్రయోగాలు మరొక సంగతిని వెల్లడించాయి. వృషణాలు తొలగించిన మగపిండంలో గర్భాశయం, అండవాహికలు ఏర్పడ్డాయి. అంటే శరీరానికి మగరూపు ఇచ్చేది వృషణాలు స్రవించే హార్మోనులే. కాబట్టి వై క్రోమోజోము చేయవలసిన ముఖ్యమైన పని వృషణాలను ఏర్పరచడం. ఆ పనిచేసే జన్యువు ఏదన్నదే తరువాతి ప్రశ్న.

ఈ అన్వేషణలో హైదరాబాదుకు సన్నిహితుడైన ఒక శాస్త్రజ్ఞుని కృషి ఉంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల లింగ క్రోమోజోములపై పరిశోధన చేసిన లాల్జీ సింగ్, ఆపై ఎడిన్‌బరోలో కెన్ జోన్స్‌తో కలిసి పనిచేశారు. పాములలో మనకు భిన్నంగా ఆడదానికే రెండు వేర్వేరు లింగ క్రోమోజోములు, జడ్, డబ్ల్యు, ఉంటాయి. పట్టీల కట్లపాము డి.ఎన్.ఏ.లో, ముఖ్యంగా డబ్ల్యు క్రోమోజోముపై, నాలుగు అక్షరాల వరుస పదేపదే తిరిగివచ్చే ఖండాలను వారు వేరుచేశారు. దానికి బి.కె.ఎం. అని పేరుపెట్టారు. ఆ వరుస ఎలుకల వై క్రోమోజోముపై కూడా గుంపుగా కనిపించింది. రెండు ఎక్స్‌లు ఉండి కూడా మగవిగా పుట్టే ఒక రకం ఎలుకలలో, వై ముక్క ఒకటి ఎక్స్ మీదికి చేరిందని 1982లో సింగ్, జోన్స్ దీని సాయంతోనే చూపారు. బి.కె.ఎం. స్వయంగా లింగాన్ని నిర్ణయించే జన్యువు కాదు. అయినా నిర్ణాయక జన్యువు వైలోని ఒక చిన్న ముక్కలో ఉండి, చోటు మారగలదన్న ఆలోచనకు ఆ పని బలమిచ్చింది. సింగ్ 1987లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి వచ్చి, 1998 నుంచి 2009 వరకు దాని సంచాలకులుగా పనిచేశారు. ఆ బి.కె.ఎం. శోధకమే మన దేశంలో డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతికి మూలమై న్యాయస్థానాల వరకు వెళ్లింది.

మానవులలోనూ అదే తర్కం పనిచేసింది. రెండు ఎక్స్‌లు ఉన్న పురుషులలో చాలామందికి వై ముక్క ఒకటి ఎక్స్ చివరకు చేరి ఉంటుంది. తండ్రి శరీరంలో శుక్రకణాలు తయారయ్యేటప్పుడు ఎక్స్, వైల కొసలు ఖండాలను మార్చుకొంటాయి. ఆ మార్పిడి హద్దుదాటితే పక్కనున్న వై భాగం కూడా ఎక్స్‌కు వెళ్లిపోతుంది. ఇలాంటి వ్యక్తులలో మిగిలిన వై ముక్క ఎంత చిన్నదైతే వెతుకులాట పరిధి అంత తగ్గుతుంది. 1987లో డేవిడ్ పేజ్ బృందం జడ్.ఎఫ్.వై. అనే జన్యువును నిర్ణాయకంగా ప్రకటించింది. అయితే ఆ జన్యువు లేకుండానే వృషణాలు ఏర్పడిన పురుషులు ఉన్నట్లు 1989లో తేలడంతో ఆ వాదం వీగిపోయింది. 1990లో లండనులో పీటర్ గుడ్‌ఫెలో, రాబిన్ లవెల్-బాడ్జ్ బృందాలు 35 వేల క్షార జతల నిడివిగల ఖండంలో అసలు జన్యువును గుర్తించాయి. ఆ పత్రానికి ప్రథమ రచయిత ఆండ్రూ సింక్లెయిర్. ‘వై మీది లింగనిర్ణయ ప్రాంతం’ అని అర్థమిచ్చే ఆంగ్ల పదబంధపు పొడి అక్షరాలే ఎస్.ఆర్.వై. మరుసటి ఏడాది పీటర్ కూప్‌మన్ తదితరులు ఈ జన్యువున్న 14 వేల క్షార జతల ఖండాన్ని రెండు ఎక్స్‌లున్న ఎలుక పిండంలో ప్రవేశపెట్టగా, అది మగ ఎలుకగా ఎదిగింది. అయితే దానికి శుక్రకణాలు ఏర్పడలేదు. వృషణం ఏర్పడటానికి ఒక జన్యువు చాలు. శుక్రోత్పత్తికి వైలోని మరికొన్ని జన్యువులు కావాలి.

3. ప్రోటీను నిర్మాణం, పనితీరు

మానవ వై క్రోమోజోము పొడవు 6 కోట్ల 20 లక్షల క్షార జతలకు పైగా ఉంటుందని 2023లో పూర్తయిన అక్షరక్రమం తెలిపింది. అందులో ఎస్.ఆర్.వై. ప్రోటీనును సంకేతించే భాగం 615 క్షారాలు మాత్రమే. ఆ జన్యువు ఒకే ఖండంగా ఉంటుంది. ప్రోటీనులో 204 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాని నడుమ దాదాపు 79 అమైనో ఆమ్లాల భాగాన్ని హెచ్.ఎం.జి. పేటిక అంటారు. పనంతా ప్రధానంగా ఈ పేటికదే. వ్యాధికారక మార్పులలో అత్యధికం ఇక్కడే కనిపించడం అందుకు నిదర్శనం.

జన్యువులను అదుపుచేసే ప్రోటీనులలో చాలావరకు డి.ఎన్.ఏ. మెలికలోని పెద్ద గాడిలో కూర్చుంటాయి. ఎస్.ఆర్.వై. చిన్న గాడిలో చేరి, ఒక అమైనో ఆమ్లాన్ని మేకులా క్షార జతల నడుమకు చొప్పిస్తుంది. ఆ ఒత్తిడికి డి.ఎన్.ఏ. అక్కడ గట్టిగా వంగుతుంది. దూరదూరంగా ఉన్న అదుపు ఖండాలు ఆ వంపు వల్ల దగ్గరికి చేరగలవు. ఈ ప్రోటీను తాను శరీరాన్ని నిర్మించదు. మరొక జన్యువు మేల్కొనడానికి వీలు కల్పిస్తుంది.

ఆ మరొక జన్యువు సాక్స్9. ఇది వై మీద కాదు, స్త్రీపురుషులందరికీ ఉండే 17వ క్రోమోజోముపై ఉంది. గర్భధారణ తరువాత ఆరు వారాల వరకు మానవ పిండంలోని జననగ్రంథి ఏ దారినైనా పట్టగలిగే స్థితిలో ఉంటుంది. స్త్రీ నాళాలకూ పురుష నాళాలకూ మూలాలు రెండూ ప్రతి పిండంలోనూ ఉంటాయి. ఆ దశలో ఎస్.ఆర్.వై. ప్రోటీను, ఎస్.ఎఫ్.1 అనే మరొక ప్రోటీనుతో కలిసి సాక్స్9కు చెందిన ఉత్తేజక ఖండాలను తాకుతుంది. సాక్స్9 స్థాయి ఒక హద్దు దాటాక అది తన్ను తానే పోషించుకోగలుగుతుంది, ఎస్.ఆర్.వై. అవసరం తీరిపోతుంది. సాక్స్9 ప్రభావంతో సెర్టోలి కణాలు ఏర్పడి, స్త్రీ నాళాలను కరిగించే హార్మోనును స్రవిస్తాయి. ఆ వెనుక లేడిగ్ కణాలు టెస్టోస్టెరాన్‌ను తయారుచేస్తాయి. దాని వల్ల పురుష నాళాలు నిలుస్తాయి, బాహ్యాంగాలు రూపొందుతాయి.

ఈ వ్యవస్థలో కాలం ప్రాణప్రదం. ఎలుకలలో ఎస్.ఆర్.వై. పని మొదలు కావలసిన వేళ సుమారు 6 గంటలేనని 2009లో జరిగిన ప్రయోగాలు చూపాయి. ఆ వేళ మించితే జన్యువు ఉన్నా, ప్రోటీను తయారైనా, గ్రంథి అండాశయపు దారి పడుతుంది. సాక్స్9కు ఎంతో దూరంలో ఉన్న ఎన్‌హెచ్13 అనే ఒకే ఒక్క ఉత్తేజక ఖండాన్ని తొలగిస్తే, ఎక్స్, వై రెండూ ఉన్న ఎలుకలు ఆడవిగా ఎదిగాయని 2018లో తేలింది. అక్కడ ఎస్.ఆర్.వై. చెక్కుచెదరలేదు. దాని పిలుపు అందుకొనే చోటు మాత్రమే లేదు.

4. గొలుసు తెగినచోట

ఎక్స్, వై ఉండి స్త్రీ శరీరంతో ఎదిగే స్థితిని స్వయర్ సహలక్షణం అంటారు. ఇది చాలా అరుదు. వీరిలో 15 నుంచి 20 శాతం మందికి ఎస్.ఆర్.వై.లో మార్పు కారణమవుతుంది. వీరికి గర్భాశయం ఉంటుంది. కానీ అండాశయాలు ఏర్పడక, వాటి స్థానంలో పనిచేయని పోగులు మిగులుతాయి. కాబట్టి యౌవన మార్పులు తమంతట తాము రావు.

మన ఊళ్లలో ఈ స్థితి బయటపడే తీరు ఊహించవచ్చు. తోటి పిల్లలందరికీ పుష్పవతి వేడుకలు జరిగినా, ఒక అమ్మాయి ఇంట ఆ ముహూర్తం రాదు. మొక్కులు, నాటుమందులు, గుసగుసలతో ఏళ్లు గడిచిపోతాయి. ఈ జాప్యం ప్రమాదకరం. వై ఉన్న ఆ పోగులలో కంతులు ఏర్పడే అవకాశం ఎక్కువ. అందుకే వైద్యులు వాటిని ముందుగానే తీసివేయమంటారు. హార్మోనుల చికిత్సతో యౌవన మార్పులు వస్తాయి, ఎముకలు బలపడతాయి. దాత అండంతో ఫలదీకరణ జరిపితే తన గర్భాశయంలో బిడ్డను మోయడమూ సాధ్యమే. పదిహేనేళ్లు దాటినా రజస్వల కాని అమ్మాయిని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలన్న ఒక్క మాట తెలిసి ఉండటం ఆమెకు ప్రాణరక్ష కావచ్చు. ఆ పరీక్షలో వై కనిపించినంత మాత్రాన ఆమె అమ్మాయి కాకుండా పోదు.

కొన్ని కుటుంబాలలో కూతురి స్థితికి కారణమైన మార్పే తండ్రి ఎస్.ఆర్.వై.లోనూ కనిపించింది. అయినా తండ్రి పురుషుడిగా ఎదిగి, సంతానం పొందాడు. అదే అక్షరదోషం, రెండు వేర్వేరు ఫలితాలు. ప్రోటీను బలహీనపడి హద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు మిగిలిన జన్యువులు, కాలం, యాదృచ్ఛికత కలిసి దారిని తేలుస్తాయి.

దీనికి ఎదురు స్థితి రెండు ఎక్స్‌లు ఉన్న పురుషులది. దాదాపు 20 వేల మంది మగశిశువులలో ఒకరు ఇలా పుడతారు. వీరిలో అత్యధికులకు తండ్రి నుంచి చోటుమారి వచ్చిన ఎస్.ఆర్.వై. ఉంటుంది, కొందరికి అదీ ఉండదు. ఆర్.ఎస్.పి.ఒ.1 అనే జన్యువు పనిచేయని కుటుంబంలో రెండు ఎక్స్‌లున్నవారు ఎస్.ఆర్.వై. లేకుండానే పురుషులుగా ఎదిగారని 2006లో వెల్లడైంది. అంటే అండాశయం ఏ ఆజ్ఞా లేనప్పుడు దానంతట అదే ఏర్పడే అవయవం కాదు. దానికీ సొంత జన్యువులు, సొంత కృషి ఉన్నాయి.

మూడవ స్థితి ఆండ్రోజెన్‌ను గ్రహించలేని శరీరం. ఇక్కడ ఎస్.ఆర్.వై. సక్రమంగా ఉంటుంది, వృషణాలు ఏర్పడతాయి, టెస్టోస్టెరాన్ స్రవిస్తుంది. ఆ హార్మోనును అందుకొనే గ్రాహకం, ఎక్స్ మీది జన్యువు రూపొందించేది, పనిచేయదు. పూర్తి స్థాయిలో ఈ లోపం ఉన్నవారి బాహ్యరూపం స్త్రీ రూపమే.

5. ముగియని నిర్ణయం

పిండదశలో ఒకసారి తీసుకొన్న నిర్ణయం శాశ్వతమని చాలాకాలం భావించారు. 2009లో ఎదిగిన ఆడ ఎలుకల అండాశయాలలో ఫాక్స్‌ఎల్2 జన్యువును ఆపివేసినప్పుడు, అక్కడి కణాలు వృషణ కణాల రూపు దాల్చాయి. 2011లో ఎదిగిన మగ ఎలుకలలో డి.ఎం.ఆర్.టి.1 జన్యువును తొలగించినప్పుడు దీనికి విపర్యయం జరిగింది. ఈ రెండు జన్యువులూ వై మీద లేవు. వృషణం వృషణంగా, అండాశయం అండాశయంగా నిలవడం జీవితాంతం సాగే పని అని దీని భావం.

జంతులోకం మరికొంత దూరం తీసుకువెళ్తుంది. జపానులోని అమామి ద్వీపపు ముళ్ల ఎలుకకు వై క్రోమోజోమూ లేదు, ఎస్.ఆర్.వై. కూడా లేదు. అయినా మగవి పుడుతూనే ఉన్నాయి. వాటిలో సాక్స్9 సమీపాన ఒక ఖండం రెట్టింపై ఆ బాధ్యతను తీసుకొన్నట్లు 2022లో గుర్తించారు. ఆరంభించే సంకేతం మారవచ్చు. దాని తరువాతి గొలుసే మూలాధారం.

6. పరీక్షగా మారిన జన్యువు

ఎస్.ఆర్.వై.ని గుర్తించడం ప్రయోగశాలకు సులభం. కష్టమంతా ఆ ఫలితానికి అర్థం చెప్పడంలో ఉంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది క్రీడాకారిణులను పరీక్షించగా ఎనిమిదిమందిలో వై గుర్తులు కనిపించాయి. వారిలో ఏడుగురిది ఆండ్రోజెన్‌ను పూర్తిగానో పాక్షికంగానో గ్రహించలేని స్థితి. ఎనిమిదిమందినీ పోటీలకు అనుమతించారు. 1999లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అందరికీ జరిపే ఆ పరీక్షను మానుకొంది. 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య మహిళల విభాగంలో పాల్గొనేవారికి ఎస్.ఆర్.వై. పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసింది. ఈ జన్యువును కనుగొన్న పత్రానికి ప్రథమ రచయిత అయిన సింక్లెయిర్ ఆ నిర్ణయాన్ని బహిరంగంగా విమర్శించారు. జన్యువు ఉందో లేదో మాత్రమే ఈ పరీక్ష చెబుతుంది, అది ఎలా పనిచేస్తున్నదో చెప్పదు అన్నది ఆయన వాదనలోని సారం. క్రీడలలో న్యాయమైన పోటీ ఎలా ఉండాలన్నది వేరే చర్చ. దానికి జవాబు ఒక్క జన్యువు నుంచి రాదన్నదే ఇక్కడ గ్రహించవలసినది.

రెండవ పరీక్ష మన ఇళ్లకు మరింత దగ్గరిది. గర్భిణి రక్తంలో పిండం డి.ఎన్.ఏ. తునకలు తిరుగుతుంటాయని 1997లో డెనిస్ లో బృందం కనుగొంది. ఆ తునకలలో వై గుర్తులు వెతికితే గర్భం తొలి నెలలలోనే పిండం లింగం అంచనాకు వస్తుంది. మన దేశంలో 1994 నాటి గర్భస్థ పిండ లింగనిర్ధారణ నిరోధక చట్టం, దాని 2003 సవరణ ప్రకారం పిండం లింగాన్ని ఏ పద్ధతిలో వెల్లడించినా నేరమే. ఈ చట్టం అవసరాన్ని జనగణన చూపుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు వెయ్యిమంది బాలురకు బాలికల సంఖ్య 2001లో 961 ఉండగా, 2011 నాటికి 939కి తగ్గింది. జన్యువు చేసిన లింగనిర్ణయాన్ని మనుషులు చేసే లింగనిర్ధారణ మరణశాసనంగా మార్చిందని ఆ అంకెలు హెచ్చరిస్తున్నాయి.

ఇందులో మరొక అన్యాయం ఉంది. వరుసగా ఆడపిల్లలు పుడితే నింద కోడలి మీద పడుతుంది. తల్లి అండంలో ఉండేది ఎక్స్ మాత్రమే. ఎక్స్ వచ్చినా, ఎస్.ఆర్.వై.ని మోసే వై వచ్చినా, అది తండ్రి శుక్రకణం నుంచే. అయినంత మాత్రాన నిందను తండ్రి మీదికి మార్చడమూ తగదు. ఏ కణం ముందు చేరుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఆడపిల్ల పుట్టడం నిందించవలసిన విషయమూ కాదు.

7. ముగింపు

ఎస్.ఆర్.వై. అల్పమైన జన్యువు అని ఈ వ్యాసం చెప్పడం లేదు. 204 అమైనో ఆమ్లాల ప్రోటీను కొద్ది వేళలో ఒక శరీరం దారిని మళ్లించగలగడం అద్భుతమే. అయితే అది తలుపు తట్టే చేయి మాత్రమే. తలుపు తీసేది సాక్స్9. ఇల్లు కట్టేవి హార్మోనులు, గ్రాహకాలు. ఆ ఇంటిని నిలిపి ఉంచేవి జీవితాంతం పనిచేసే మరికొన్ని జన్యువులు. తలుపు తట్టిన చప్పుడు విని లోపల ఉన్నది ఎవరో చెప్పలేము.

విరాటుడు చేయించిన పరీక్ష ఆనాటికి సరైన ఫలితమే ఇచ్చింది. అయినా తన నాట్యశాలలో ఉన్నది ఎవరో అతడికి తెలియలేదు. ఉత్తరుని రథం ఎక్కి కౌరవసేనకు ఎదురునిలిచిన తరువాత గాని బృహన్నల ఎవరో విరాటనగరానికి తెలిసిరాలేదు. నేలకొండపల్లి గద్దెకు ఆనుకొని ఉన్న ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు, పాఠశాలలో వై క్రోమోజోము గురించి బోధించేటప్పుడు, ఒకే మాట కలపవచ్చు: పరీక్ష ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంది; మనిషిని గురించిన ప్రశ్నలు అంతకన్నా ఎక్కువ.